మొదటి పాఠం నీళ్ళు

జావా ద్వీపంలో తెల్లవారుజామున నాలుగు గంటలు. చీకటి ఇంకా విడలేదు. రేకుల చూరు కింద పొడవాటి సిమెంటు తొట్టి, దాని చుట్టూ నిద్రకళ్ళతో పిల్లలు. నడుముకు గళ్ళ లుంగీ, భుజాన తుండు. ఒక్కొక్కరూ వంగి దోసెడు నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలిస్తారు. ముఖం కడుక్కుని, మోచేతుల దాకా చేతులు తడుపుకుని, తడిచేత్తో తల తుడుచుకుంటారు. చివరికి చీలమండల దాకా కాళ్ళు కడుక్కుని మసీదు మెట్లెక్కుతారు. ఇదే వజూ. నమాజులు రోజుకు అయిదు కాబట్టి ఈ తొట్టి దగ్గరికి మళ్ళీ మళ్ళీ రావలసిందే. అక్కడి ముస్లిం గురుకులాల్లో చేరిన పిల్లవాడికి పుస్తకం కంటే ముందు పరిచయమయ్యేవి ఈ నీళ్ళే.

బడినే జీవితం చేసుకున్న ఒక మాస్టారి పేరున జరిగే ఈ స్మారక ఉపన్యాసానికి అంత దూరపు బడులను ఎంచుకోవడానికి కారణం ఉంది. పిల్లలకు పర్యావరణం గురించి చెప్పాలని ఇవాళ అందరూ అంటున్నారు. జూన్ 5న ఒక మొక్క, ఒక వ్యాసరచన పోటీ, గోడ మీద ఒక నినాదం: చాలాచోట్ల అంతటితో సరిపోతోంది. ఇండోనేషియాలోని కొన్ని గురుకులాలు మరో దారి పట్టాయి. తమ దగ్గరున్న పాత ధర్మశాస్త్ర గ్రంథాన్నే తొట్టి దగ్గర, చెత్తకుప్ప దగ్గర, బోడికొండ దగ్గర నిలబడి మళ్ళీ చదివాయి. ఆ చదువు ఎంతవరకు వెళ్ళింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఇక్కడి విషయం.

ఆ గురుకులాన్ని పెసాంత్రెన్ అంటారు. చదువుకునే పిల్లవాడు సాంత్రి, గురువు కియాయి. సాంత్రులు ఉండే చోటు కాబట్టి పెసాంత్రెన్. సాంత్రి అనే మాటకు మూలం సంస్కృతంలోని ‘శాస్త్రి’ అని కొందరు పండితులంటే, తమిళం నుంచి వెళ్ళిందని మరికొందరు వాదించారు. ఎటు చూసినా బంగాళాఖాతం దాటి వెళ్ళిన మాటే. ఇప్పుడు ఆ దేశంలో 30 వేలకు పైగా పెసాంత్రెన్లు ఉన్నాయి, వాటిలో చదివేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 2019లో వీటికోసం ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. అక్టోబరు 22ను సాంత్రుల దినంగా ప్రభుత్వమే ప్రకటించింది.

పిల్లలు గురువుగారి ఇంటి చుట్టూ వసతి గదుల్లో ఉంటారు. అక్కడే వండుకుని తింటారు, అక్కడే బట్టలుతుక్కుంటారు, అక్కడే జబ్బుపడి లేస్తారు. వెయ్యిమంది ఉన్న పెసాంత్రెన్ అంటే నిజానికి ఒక ఊరు. ఊరన్నాక నీళ్ళు కావాలి, మరుగుదొడ్లు కావాలి, పొయ్యి వెలగాలి, చెత్త ఎక్కడికో పోవాలి. మామూలు బడిలో సాయంత్రం గంట కొట్టగానే ఈ బాధలన్నీ ఎవరి ఇంటికి వాళ్ళు పట్టుకుపోతారు. ఇక్కడ అవి ఎక్కడికీ పోవు. పాఠమూ బతుకూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి కాబట్టి చెప్పేదానికీ చేసేదానికీ మధ్య తేడా వస్తే పిల్లలకు వెంటనే కనబడుతుంది.

చదువు పద్ధతీ చూడదగ్గది. పసుపు కాగితం మీద అచ్చయిన అరబ్బీ గ్రంథాలను కితాబ్ కునింగ్, అంటే పసుపు పుస్తకాలు అంటారు. వాటిలో అచ్చుగుర్తులు ఉండవు. కియాయి ఒక్కొక్క మాటా చదివి జావా భాషలో అర్థం చెబుతుంటే పిల్లలు నేలమీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ఆ అర్థాన్ని పంక్తి కింద సన్నటి అక్షరాలతో ఏటవాలుగా రాసుకుంటారు. ఆ రాతకు ‘వేలాడే అర్థం’ అని పేరు. పాత సాంత్రి పుస్తకం తెరిస్తే అచ్చు పంక్తుల కింద ఈ రాతలు పందిరి కింద కాయల్లా వేలాడుతుంటాయి.

ధర్మశాస్త్రంలో, వాళ్ళ మాటల్లో ఫిఖ్‌హ్‌లో, పిల్లలకు తొలినాళ్ళలోనే చెప్పే గ్రంథాల్లో ఒకటి ‘ఫత్‌హుల్ ఖరీబ్’. అబూ షుజా రాసిన చిన్న మూలగ్రంథానికి అది వ్యాఖ్యానం. దాని మొదటి అధ్యాయం శుద్ధి గురించి. అందులో మొదటి విషయం నీళ్ళు. శుద్ధికి పనికివచ్చే నీళ్ళు ఏడు రకాలని అక్కడ లెక్క: వాననీరు, సముద్రపు నీరు, ఏటి నీరు, బావి నీరు, ఊట నీరు, మంచు, వడగళ్ళు. జన్మలో మంచు చూడని జావా పిల్లలు కూడా ఈ ఏడూ గడగడా అప్పజెబుతారు. దేవుడి గురించీ నమాజు గురించీ చెప్పబోయే శాస్త్రం ముందుగా వాన, ఏరు, బావి, ఊట అంటూ మొదలుపెట్టడం చిన్న విషయం కాదు. పర్యావరణ పాఠాన్ని బయటినుంచి తెచ్చి అతికించవలసిన పని లేదు. అది మొదటి పుటలోనే ఉంది.

కానీ ఆ పుట తరతరాలుగా తొట్టి దగ్గర మరోలా అమలైంది.

ఇండోనేషియా ముస్లింలు ఎక్కువగా షాఫియీ సంప్రదాయం పాటిస్తారు. అందులో నిలవ నీటికి ఒక కొలత ఉంది: రెండు ఖుల్లాలు. ఇప్పటి లెక్కలో రెండు వందల పైచిలుకు లీటర్లు అనుకోవచ్చు. నీళ్ళు అంతకు మించి ఉంటే అపవిత్రమైనది ఏదైనా పడినా రంగు, రుచి, వాసనల్లో ఏదో ఒకటి మారేదాకా ఆ నీరు చెడదు. అందుకే పెసాంత్రెన్లలో పెద్ద పెద్ద తొట్లు కట్టారు. మన దగ్గర ఎక్కువగా ఉన్న హనఫీ సంప్రదాయంలో కొలత వేరు, పది మూరల పొడవు, పది మూరల వెడల్పు. హైదరాబాదు మక్కా మసీదు ప్రాంగణంలో నీళ్ళ హౌజు చూసినవాళ్ళకు ఈ ఆలోచన కొత్త కాదు. ఎడారి దేశంలో, నీటిచుక్క కరువైన చోట, ఉన్న నీటిని ఊరికే పారబోయకుండా కాపాడిన నియమమిది. ఎంతో తెలివైన నియమం.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, మడి వేరు, శుభ్రం వేరు అన్నది మరిచిపోయినప్పుడు. మన ఇళ్ళలో మడిబట్ట మురికిగా ఉన్నా మడిబట్టే అయినట్టు, వందలమంది కాళ్ళూ చేతులూ ముంచిన తొట్టి రెండు ఖుల్లాలు దాటింది కాబట్టి పవిత్రమే అనుకున్నారు. పైగా ఇరుకు గదులు, ఒకరి తుండు ఒకరు వాడటం, ఒకే చాప మీద నలుగురు పడుకోవడం. పెసాంత్రెన్లలో గజ్జి ఎంత మామూలైపోయిందంటే, గజ్జి రానివాడు ఇంకా సాంత్రే కాదు అనే సామెతలాంటి మాట పుట్టింది. పిల్లల వేళ్ళ సందుల్లో రక్తం వచ్చేలా గోక్కునే జబ్బును గురుకుల దీక్షలో భాగమన్నట్టు నవ్వుతూ చెప్పుకోవడం బాధ కలిగించే విషయం. తొట్టి బదులు కుళాయిలు పెట్టించి, చాపలు ఎండలో వేయించి, మందు అందరికీ ఒకేసారి రాయించిన కియాయిలు శాస్త్రాన్ని ధిక్కరించలేదు. రంగు, రుచి, వాసన చూడమన్న ఆ నియమంలోనే కళ్ళు తెరిచి చూడమన్న ఆదేశం ఉంది.

కుళాయి వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. తిప్పి వదిలేస్తే నీళ్ళు ధారగా పోతాయి. ఒక్క వజూకు అయిదు లీటర్లు పోతాయనుకుంటే రోజుకు అయిదుసార్లు, వెయ్యిమంది పిల్లలకు 25 వేల లీటర్లు. మన ఊళ్ళ భాషలో చెబితే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు అయిదు. ప్రవక్త ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసు గ్రంథాలు చెబుతాయి. ముద్ అంటే రెండు అరచేతులూ కలిపితే పట్టేంత, లీటరులో సుమారు మూడింట రెండు వంతులు. ఆ కొలతన వెయ్యిమందికీ రోజంతటికీ ఒక ట్యాంకరు కూడా నిండుగా అక్కరలేదు. పారే ఏటి ఒడ్డున కూర్చుని వజూ చేస్తున్నా నీళ్ళు దుబారా చేయకూడదని ప్రవక్త తన అనుచరుడికి చెప్పినట్టు మరో హదీసు ఉంది. కొరత ఉన్నప్పుడు పొదుపు చేయమని ఎవరైనా చెబుతారు. ఏరు పారుతున్నప్పుడు కూడా వద్దనడంలో ఉన్నది లెక్క కాదు, మర్యాద. నీటి పట్ల మర్యాద.

పిల్లవాడు తొట్టి నుంచి తలెత్తి ఏటి వైపు చూస్తే ఆ పాఠం ఇంకా గట్టిగా నిలదీస్తుంది. పశ్చిమ జావాలో చితారుమ్ నది ఉంది. బాండుంగ్ నగరానికి దక్షిణాన వాయాంగ్ కొండల్లో పుట్టి సుమారు 300 కిలోమీటర్లు ప్రవహించి జావా సముద్రంలో కలుస్తుంది. జకార్తా తాగునీటిలో ఎక్కువ భాగం ఆ నది మీది జలాశయం నుంచే వస్తుంది. ఎగువన మజలాయా ప్రాంతమంతా బట్టల మిల్లులు. అద్దకం రంగులతో కాలువలు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారాయి. 2018లో ప్రభుత్వం సైన్యాన్ని కూడా దింపి శుద్ధి పథకం మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ లోయ పొడవునా పెసాంత్రెన్లు ఉన్నాయి. మొదటి అధ్యాయం చదివిన పదేళ్ళ పిల్లవాడికి కూడా తీర్పు తెలుసు: రంగు, రుచి, వాసన అలా మారిపోయిన నీరు వజూకు పనికిరాదు. ఒక నదికి నదిగా ఉండే అర్హతే పోయిందని చెప్పడానికి ఇంతకంటే సూటి కొలమానం ప్రయోగశాలలో కూడా దొరకదు.

నీళ్ళు లేని చోట కథ వేరు. జావాకు ఈశాన్యంగా మదురా ద్వీపం ఉంది. మన మదురై కాదు. సున్నపురాతి నేల, ఉప్పుమళ్ళు, ఎండాకాలంలో ఎడ్ల పందేలు. ఆ ద్వీపం తూర్పు కొసన, సుమెనెప్ జిల్లా గులుక్-గులుక్ అనే ఊళ్ళో 1887లో కియాయి మహమ్మద్ షర్కావి ‘అన్నుకాయా’ అనే పెసాంత్రెన్ పెట్టారు. బోడికొండల మధ్య బడి. కట్టెలకోసం చెట్లు కొట్టడం, వాన నీరు రాళ్ళ మీదుగా జారిపోవడం, ఎండాకాలంలో ఆడవాళ్ళు బిందెలతో మైళ్ళు నడవడం. రాయలసీమ వాళ్ళకు ఆ దృశ్యాన్ని వర్ణించి చెప్పవలసిన అవసరం లేదు. 1970ల్లో అక్కడి కియాయిలు, సాంత్రులు బడి గోడ దాటి ఊళ్ళలోకి వెళ్ళారు. కొండవాలుల్లో మొక్కలు నాటారు, పల్లెలకు నీళ్ళు తెచ్చే పనిలో దిగారు. 1981లో దేశంలో పర్యావరణ సేవకు ఇచ్చే అత్యున్నత ప్రభుత్వ పురస్కారం ఆ గురుకులానికి వచ్చింది.

ఆ పురస్కారం పేరు కల్పతరు.

అర్థం చెప్పక్కరలేని తెలుగు శ్రోతల ముందు ఈ మాట పలకడంలో ఒక ఆనందం ఉంది. జావాలోని మెందుత్, పావోన్, ప్రంబనన్ ఆలయాల గోడల మీద చెక్కిన కల్పవృక్షాన్నే ఆ ప్రభుత్వం తన పురస్కారానికి గుర్తుగా తీసుకుంది. ముస్లిం పండితులు నడిపే బడి, కొండమీద చెట్లు పెంచినందుకు, సంస్కృతం పేరున్న బహుమతి అందుకోవడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు.

అన్నుకాయా ఆ బహుమతిని గోడకు తగిలించి ఊరుకోలేదు. తరవాతి తరంలో అక్కడి ఒక ఉన్నత పాఠశాల విద్యార్థినులు చెత్త ఏరే బృందం కట్టి, తమకు తామే ‘షోకైన చెత్త ఏరేవాళ్ళు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. చెత్త ఏరడాన్ని తక్కువ పనిగా చూసే సమాజంలో, మంచి కుటుంబాల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఆ పేరును తలకెత్తుకోవడానికి ధైర్యం కావాలి. ప్లాస్టిక్ కవర్లను కడిగి ఆరబెట్టి సంచులు కుట్టారు.

ఇంకా తూర్పుకు, బాలి దాటితే లోంబోక్ ద్వీపం. అక్కడ కియాయిని తువాన్ గురు అంటారు. పశ్చిమ లోంబోక్‌లో ఒక ఊరి పేరు నర్మద. బాలి నుంచి వచ్చి పాలించిన హిందూ రాజులు మన నర్మదానది మీది భక్తితో పెట్టిన పేరు. ఆ నర్మదలో తువాన్ గురు హసనైన్ జువాయిని ఆడపిల్లల కోసం పెసాంత్రెన్ నడిపారు. ముప్పై హెక్టార్లకు పైగా బంజరు కొని అడవిగా పెంచారు. సాంత్రులు నారు పోశారు, చుట్టుపక్కల రైతులు చెయ్యి కలిపారు. 2011లో ఆయనకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. బాలకార్మికులను బడికి చేర్చిన శాంతా సిన్హాగారికి 2003లో వచ్చిందీ అదే పురస్కారం. ప్రళయఘడియ వచ్చిపడుతున్నా చేతిలో మొక్క ఉంటే నాటేయమన్న హదీసు ముస్లిం లోకంలో అందరికీ తెలిసినదే. వినడం సులువు. ఎండలో నారుకు నీళ్ళు మోసి, సగం చచ్చిపోతే మళ్ళీ నాటడం వేరు.

పశ్చిమ జావా గారుత్‌లో నిస్సా వర్గదిపుర, ఆమె భర్త ఇబాంగ్ లుక్మానుర్దిన్ నడిపే అత్-తారిఖ్ మరీ చిన్నది. రైతు ఉద్యమాల్లో పనిచేసి వచ్చిన ఆమె, సుమారు హెక్టారు నేలలో మందులు కొట్టని సేద్యాన్నే పాఠ్యాంశం చేశారు. వరి, కూరగాయలు, మూలికలు, చేపలు. విత్తనాలు సొంతంగా దాచుకుంటారు. పొద్దున ఖుర్ఆన్, తరవాత వరిమడి. తాము తినేది తాము పండించుకుంటే అన్నం పారేయడానికి చెయ్యి రాదన్నది అక్కడి పిల్లలకు ఎవరూ బోర్డు మీద రాసి చెప్పక్కరలేదు.

ఇవన్నీ ఒక్కొక్క బడి, ఒక్కొక్క గురువు కథలు. వీటికి శాస్త్రపు వెన్నెముక ఇచ్చినవారిలో అలీ యాఫీ ముఖ్యులు. 1926లో సులవేసిలో పుట్టిన ఈ పండితుడు 2006లో పర్యావరణ ధర్మశాస్త్రానికి బాట వేస్తూ ఒక పుస్తకం రాశారు. షరియా ఉద్దేశాలు అయిదని పూర్వ పండితులు చెప్పారు: మతం, ప్రాణం, బుద్ధి, సంతతి, ఆస్తి, వీటిని కాపాడటం. పర్యావరణ రక్షణను కూడా వాటి సరసన నిలబెట్టాలన్నది అలీ యాఫీ వాదం. గాలీ నీరూ పాడైతే ప్రాణమూ సంతతీ ఎలా నిలుస్తాయి? దీనికి ఫిఖ్‌హ్ అల్-బీఆ అని పేరు వచ్చింది. ఇది బోధ కాదు, ధర్మశాస్త్రం. ఈ తేడా పట్టించుకోవలసినది. బోధ వింటే మంచిది, వినకపోతే ఏమీ కాదు. ఫిఖ్‌హ్ అలా కాదు: విధి, నిషిద్ధం అని తేల్చి చెబుతుంది, సాంత్రి దానికి కట్టుబడతాడు.

ఆ దారిలోనే ఇండోనేషియా ఉలేమా మండలి ఫత్వాలు ఇచ్చింది. వాడిన నీటిని శుద్ధి చేసి మళ్ళీ వాడవచ్చని 2010లో చెప్పింది. 2014లో పులి, ఏనుగు, ఖడ్గమృగం, ఒరాంగుటాన్ లాంటి అంతరించిపోయే ప్రమాదమున్న జంతువుల అక్రమ వేట నిషిద్ధమంది. అదే ఏడాది చెత్త మీద ఇచ్చిన ఫత్వా ప్రకారం చెత్తను తిరిగి వాడుకలోకి తేవడం సమాజం మొత్తం మీద ఉన్న విధి, ఎవరూ చేయకపోతే అందరూ దోషులే. 2015లో 26 లక్షల హెక్టార్లు తగలబడి పొగ దేశాల సరిహద్దులు దాటాక, అడవిని తగలబెట్టడం హరామని 2016లో తీర్పు చెప్పింది. పెసాంత్రెన్లలో ‘బహ్సుల్ మసాయిల్’ అనే చర్చాసభలు రాత్రుళ్ళు సాగుతాయి. ఒక సమస్య పెడతారు, పాత గ్రంథాల నుంచి ఆధారాలు తీసి వాదిస్తారు. నహ్దతుల్ ఉలమా సంస్థ 2019లో జరిపిన అలాంటి జాతీయ సభలో ప్లాస్టిక్ చెత్త కూడా చర్చకు వచ్చింది.

ఇంత జరిగినా మెచ్చుకోలుతో ముగించడం నిజాయితీ కాదు. 2008లో పర్యావరణ శాఖ ‘ఎకో-పెసాంత్రెన్’ పథకం మొదలుపెట్టింది. పైనుంచి వచ్చిన పథకాలన్నిటికీ ఉన్న బలహీనతే దానికీ ఉంది. గురువుకు మనసు ఉన్నచోట అది వేరు పట్టింది, లేనిచోట ఫలకం మిగిలింది.

అంతకంటే పెద్ద పరీక్ష 2024 మేలో వచ్చింది. మత సంస్థలకు బొగ్గు గనుల తవ్వకం ఇవ్వవచ్చని ప్రభుత్వం నిబంధన తెచ్చింది. దేశంలో పెసాంత్రెన్లకు పెద్ద దిక్కైన నహ్దతుల్ ఉలమా ఒప్పుకుంది. జూలైలో మరో పెద్ద ముస్లిం సంస్థ ముహమ్మదియా కూడా సరేనంది. బడులకూ ఆసుపత్రులకూ డబ్బు కావాలన్నది వాళ్ళ వాదన, ఆ అవసరం నిజమే. కానీ ఇదే నహ్దతుల్ ఉలమా 1994లో చిపాసుంగ్ పెసాంత్రెన్‌లో మహాసభ జరిపినప్పుడు, హాని కలిగించేలా పర్యావరణాన్ని కలుషితం చేయడం హరామ్, నేరం కూడా అని తీర్మానించింది. సంస్థ లోపలి యువకులే, సహజ వనరుల కోసం 2013లో ఏర్పడ్డ నహ్దియ్యీన్ బృందం వాళ్ళు, ఈ గనులు వద్దని గొంతెత్తారు. ప్రభుత్వ లాటరీ డబ్బు సంస్థ తీసుకున్నందుకు 1991లో అలీ యాఫీ అగ్రపదవి వదులుకుని బయటికి వచ్చిన సంగతి తెలిసినవాళ్ళకు ఈ సందర్భంలో ఆయన గుర్తుకు రాక తప్పదు. ఆయన 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. కుళాయి దగ్గర పదేళ్ళ పిల్లవాడికి చెప్పిన నియమం తూర్పు కలిమంతన్ బొగ్గు గుంటల దగ్గర పెద్దలకు వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్న ఇంకా చర్చాసభలోనే ఉంది.

పశ్చిమ జావా సుండా పల్లెల్లో చేపల గుంటను బాలొంగ్ అంటారు. పాతకాలపు పెసాంత్రెన్లలో మసీదు పక్కన ఈ గుంట ఉండటం మామూలు. వజూ నీళ్ళలో సబ్బు ఉండదు, నూనె ఉండదు. వేల చేతుల మీదుగా జారిన ఆ నీరు సన్నటి కాలువలో పడి గుంటలోకి వెళుతుంది. గట్టున బచ్చలికూర, నీళ్ళలో గౌరామి చేపలు. రాత్రి ఇషా నమాజు అయ్యాక మసీదు దీపం వెలుగులో, మిగిలిన మెతుకులు విసరడానికి వచ్చిన ఇద్దరు పిల్లలు ఆ గట్టు మీద కూర్చుని రేపటి పాఠం అప్పజెప్పుకుంటున్నారు: వాన, సముద్రం, ఏరు, బావి, ఊట, మంచు, వడగళ్ళు.